సత్యంకారం: ఒప్పందానికి గుర్తు, గుర్తుకు హద్దు

తెలుగు నిఘంటువులలో 'సంచకరువు' అనే మాట ఒకటి ఉన్నది. బేరం కుదిరిన పిమ్మట మాట తప్పకుండా ఉండేందుకు ముందుగా చేతిలో పెట్టే సొమ్ము అని దాని అర్థం. నేటి వ్యవహారంలో ఆ స్థానాన్ని 'బయానా', 'అడ్వాన్సు' అనే అన్యదేశ్యాలు ఆక్రమించుకొన్నాయి. సంచకరువుకు మూలం సంస్కృతంలోని 'సత్యంకార' శబ్దం. పాలి భాషలో అది 'సచ్చకార' రూపంలో కనిపిస్తుంది. పలికిన మాటను సత్యం చేసేది కనుక సత్యంకారం. మాట మరుగుపడినా ఆచారం మరుగుపడలేదు. స్థలం కొన్నా, ధాన్యం కొన్నా, ఇల్లు అద్దెకు తీసుకొన్నా ముందు కొంత సొమ్ము చేతులు మారనిదే బేరం ఖాయమైనట్లు మన ప్రాంతంలో ఎవరూ భావించరు.

భారత కాంట్రాక్టు చట్టం 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టం దృష్టిలో ఒప్పందానికి ప్రాణం ఉభయుల స్వేచ్ఛాసమ్మతి. చేతిలో సొమ్ము పెట్టడం, సాక్షులను పిలవడం, కాగితంపై వ్రాయడం సామాన్యంగా అనివార్యం కావు. అయినా నూట యాభై ఏళ్ళకు పైబడిన ఈ చట్టం కింద జీవిస్తున్న వర్తకులు, రైతులు నేటికీ గుర్తులనే నమ్ముకొంటున్నారు. ఇది కేవలం అలవాటు వల్లనా, లేక దానికి వేరే కారణం ఉన్నదా? ధర్మశాస్త్రాల వ్యవహారభాగాన్ని, నేటి చట్టాన్ని, అంగడి ఆచరణను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రాచీన వ్యవహారశాస్త్రం ఒప్పందానికి గుర్తును విధించడంతో ఆగలేదు. ఆ గుర్తును చేతబట్టిన వానికి ఒక ప్రతివిధిని కూడా విధించింది. నేటి ఆచరణలో గుర్తు మిగిలింది, ప్రతివిధి చాలాచోట్ల జారిపోయింది. ఇదే ఇక్కడ ప్రతిపాదిస్తున్న విషయం.

1. ఉంగరం చెప్పే న్యాయం

జాతకకథలలో చుల్లకసేట్ఠి జాతకం వర్తకులకు సంబంధించిన కథ. చచ్చిన ఎలుకతో వ్యాపారం ప్రారంభించిన యువకుడు క్రమంగా ఎదిగి, రేవుకు ఓడ వచ్చిందని విని, తన ఉంగరాన్ని సచ్చకారంగా ఇచ్చి సరుకంతా తన పేర నిలుపుకొంటాడు. తరువాత వచ్చిన వారణాసి వర్తకులు నూరుమంది ఆ సరుకులో వాటా కోసం అతనికే సొమ్ము చెల్లించవలసి వస్తుంది. అతనివద్ద సరుకు విలువకు తగిన ధనం లేదు. సరుకును నిలిపింది ఉంగరమే.

ఇదే ఉంగరం విజ్ఞానేశ్వరుని మితాక్షరలోనూ కనిపించడం గమనార్హం. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో (1076–1126) వెలసిన ఈ వ్యాఖ్య యాజ్ఞవల్క్యస్మృతికి ప్రామాణికమైనది. సత్యంకారంగా ఇచ్చిన ద్రవ్యాన్ని రెట్టింపుగా తిరిగి ఇప్పించాలని యాజ్ఞవల్క్యుడు విధించగా, విజ్ఞానేశ్వరుడు దానిని విడమరచి చెప్పాడు. క్రయవిక్రయాల కట్టుబాటు నెరవేరేందుకు ఉంగరం వంటి వస్తువును ఎదుటివాని చేతిలో పెట్టినప్పుడు, ఇచ్చినవాడే మాట తప్పితే ఆ వస్తువును వదులుకోవాలి. పుచ్చుకొన్నవాడు మాట తప్పితే దానిని రెట్టింపు చేసి తిరిగి ఇవ్వాలి.

ఈ సూత్రంలోని సమతౌల్యాన్ని గుర్తించాలి. ఇచ్చినవానికి ఎంత నష్టమో పుచ్చుకొన్నవానికీ అంతే నష్టం. మాట తప్పితే ఇద్దరూ సత్యంకారపు విలువ మేరకే నష్టపోతారు. గుర్తు ఒకరి చేతిలో ఉన్నా కట్టు ఇద్దరి మీదా ఉన్నది.

నేటి న్యాయం ఈ విషయంలో వేరొక దారిలో నడిచింది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం వ్రాసుకొన్నా, మాట తప్పినప్పుడు లభించేది ఆ మొత్తానికి మించని సముచిత పరిహారం మాత్రమే. 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు, కొనుగోలుదారు ముందుగా చెల్లించిన 25,000 రూపాయలలో బయానాగా ఇచ్చిన 1,000 రూపాయలను అమ్మకందారు జప్తు చేసుకోవచ్చునని, మిగిలిన 24,000 రూపాయలను అట్టిపెట్టుకోవడం జరిమానా వంటిది కనుక చెల్లదని తీర్పు చెప్పింది. బయానాకు హద్దు ఉండాలన్న భావం ఈ తీర్పులో స్పష్టంగా ఉన్నది. అయితే పుచ్చుకొన్నవాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలన్న ప్రతివిధి మాత్రం చట్టంలో లేదు. పత్రంలో వ్రాసుకొంటే తప్ప అది రాదు. వ్రాసుకొన్నా సముచిత పరిహారం అనే కొలతకు లోబడవలసిందే. అడ్వాన్సు ఇచ్చిన బలహీనుడు దానిని తిరిగి పొందడానికే దావా వేయవలసిన పరిస్థితి ఇందువల్ల ఏర్పడుతున్నది.

2. పత్రం ముందువైపు, వెనుకవైపు

వ్యవహారంలో మానుష ప్రమాణాలు మూడు: లిఖితం, భుక్తి, సాక్షులు. ఇవి లభించనప్పుడే దివ్యం. వీటిలో లిఖితాన్ని గురించి యాజ్ఞవల్క్యుడు చెప్పిన నియమాలు నేటి దస్తావేజు లేఖకునికి సైతం కొత్తగా తోచవు. సంవత్సరం, మాసం, పక్షం, దినం, ఉభయుల పేర్లు, తండ్రుల పేర్లు పత్రంలో ఉండాలి. విషయం సమాప్తమైన తరువాత ఋణగ్రస్తుడు పైన వ్రాసినది తనకు సమ్మతమని స్వహస్తంతో వ్రాయాలి. సాక్షులు తమ చేతితో తమ పేర్లు వ్రాయాలి. చివర లేఖకుడు తన పేరు చేర్చాలి. ఋణగ్రస్తుడే తన చేతితో వ్రాసిన పత్రానికి సాక్షులు లేకున్నా ప్రామాణ్యం ఉన్నది. కాని బలవంతం వల్ల గాని వంచన వల్ల గాని వ్రాయించినదైతే లేదు.

ఇందులో 'విషయం సమాప్తమైన తరువాత' అన్న నియమం అత్యంత కీలకం. ముందు విషయం, పిదప సమ్మతి. నేటి అప్పుల ఆచరణలో ఈ వరుస తలక్రిందులైన సందర్భాలు కోకొల్లలు. అంకెలు వేయని ప్రామిసరీ నోటుపై రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పుచ్చుకోవడం, ఖాళీ చెక్కులు తీసుకొని బీరువాలో పెట్టుకోవడం మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ తెలియనివారు లేరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను, స్టాంపు కాగితంపై సంతకం చేసి ఖాళీగా అప్పగించినవాడు దానిని పూరించుకొనే అధికారాన్ని పుచ్చుకొన్నవానికి ఇచ్చినట్లే పరిగణిస్తుంది. స్వచ్ఛందంగా ఇచ్చిన ఖాళీ చెక్కును ఇతరులు పూరించినా అది ఋణం తీర్చడానికి ఇచ్చినదే అన్న చట్టపు అనుమితి వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ అనుమితిని ఖండించే అవకాశం సంతకందారుకు ఉన్నది. కాని ఖండించే భారం అతని మీదే ఉన్నది. వర్తకంలో పత్రాలు చేతులు మారడానికి ఇటువంటి సూత్రం అవసరమే. కాని అవసరంలో ఉన్న ఋణగ్రస్తుని సంతకం విషయంలో స్మృతికారుని వరుసక్రమమే ఎక్కువ రక్షణ ఇస్తుంది.

ఇక పత్రం వెనుకవైపు. అప్పు ఒక్కసారిగా తీర్చలేనివాడు ఇచ్చినప్పుడల్లా ఇచ్చినంత పత్రం వెనుక వ్రాయాలని, లేదా ధనికుడు తన చేతి గుర్తుతో రసీదు ఇవ్వాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. అప్పు పూర్తిగా తీరిన పిమ్మట పత్రాన్ని చింపివేయాలి, లేదా విమోచన కోసం వేరొక పత్రం వ్రాయించాలి. సాక్షుల ఎదుట తీసుకొన్న అప్పును సాక్షుల ఎదుటనే తీర్చాలి. తెలుగునాట నోటు వెనుక 'చెల్లు వేయడం' అనే ఆచారం అచ్చంగా ఇదే.

అయితే ఒకే చేతివ్రాత రెండు కాలాలలో రెండు ప్రయోజనాలకు పనిచేస్తున్నది. స్మృతిలో చెల్లు ప్రధానంగా ఋణగ్రస్తుని రక్ష. ఇచ్చినది ఇవ్వలేదనిపించుకోకుండా అది కాపాడుతుంది. నేడు 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షను ప్రకారం, గడువు ముగియకముందే చెల్లించినవాని చేవ్రాతతో గాని సంతకంతో గాని చెల్లు పడితే ఆ తేదీ నుండి కొత్త గడువు మొదలవుతుంది. నోటుకు మూడేళ్ళ గడువు ముగియవస్తున్నదనగా ధనికుడు వచ్చి స్వల్ప మొత్తమైనా చెల్లు వేయించుకొని పోవడానికి కారణం ఇదే. చెల్లు ఇప్పుడు ప్రధానంగా ధనికుని రక్ష అయింది. పత్రాన్ని చింపివేయడం అనే చివరి విధి మాత్రం చట్టం కంటె ధనికుని మర్యాదపై ఎక్కువగా ఆధారపడి ఉన్నది. అప్పు తీరినా నోటు తిరిగి రాని సందర్భాలలోనే అనేక వివాదాలు పుడుతున్నాయి.

3. పూచీ పడినవాడు

ప్రాతిభావ్యం, అంటే పూచీ, మూడు విధాలని స్మృతి: మనిషిని హాజరు పరుస్తాననేది, మనిషి నమ్మదగినవాడని చెప్పేది, అతడు ఇవ్వకుంటే తాను ఇస్తాననేది. మొదటి రెండింటిలో భారం పూచీపడినవానితోనే ముగుస్తుంది. మూడవదానిలో మాత్రం అతని కుమారుల వరకు సాగుతుంది. పూచీపడినవాని చేత రాజు బహిరంగంగా అప్పు కట్టించిన పక్షంలో, ఋణగ్రస్తుడు అతనికి రెట్టింపు ఇచ్చుకోవాలని యాజ్ఞవల్క్యుడు విధించాడు. ఇక్కడ కూడా గుర్తు వెంట ప్రతివిధి నడిచింది. పరుని కోసం తన మాటను తాకట్టు పెట్టినవానికి జరిగిన నష్టం ధనరూపమే కాక పరువుకు సంబంధించినది కూడా అన్న గుర్తింపు ఈ రెట్టింపులో ఉన్నది.

1872 చట్టం 128వ సెక్షను ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానవ్యాప్తి కలది. బ్యాంకు కోరితే ముందుగా జామీనుదారు మీదికే రావచ్చు. చెల్లించిన జామీనుదారుకు 145వ సెక్షను కింద తాను న్యాయంగా చెల్లించినది రాబట్టుకొనే హక్కు ఉన్నది. అంతకు మించి లేదు. స్నేహధర్మం కోసం సంతకం చేసినవారు ఆ సంతకానికి ఇంతటి వ్యాప్తి ఉన్నదని నోటీసు వచ్చిన రోజుననే తెలుసుకొంటున్నారు.

4. సమ్మతి పక్షాన చట్టం సాధించినది

పై పోలికలను బట్టి ప్రాచీనమే శ్రేష్ఠమని తేల్చడం శాస్త్రదృష్టి కాదు. తాకట్టు ఉన్న అప్పుకు నెలకు ఎనభైవ వంతు వడ్డీ అని చెప్పిన యాజ్ఞవల్క్యుడే, తాకట్టు లేని అప్పుకు వర్ణక్రమాన నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదు అని విధించాడు. సామాజిక క్రమంలో అడుగున ఉన్నవానికే అత్యధిక వడ్డీ అన్నమాట. చట్టం ముందు వర్ణభేదం లేకుండా ఒప్పందానికి ఒకే కొలత తెచ్చినది 1872 చట్టమే. ఆ మేలును మరువరాదు.

సమ్మతి విషయంలో ఉభయ సంప్రదాయాల మధ్య సామీప్యం కూడా అధికం. మత్తుడు, ఉన్మత్తుడు, ఆర్తుడు, వ్యసని, బాలుడు, భీతుడు చేసిన వ్యవహారం చెల్లదని యాజ్ఞవల్క్యుడు. రహస్యంగా, ఇంటిలోపల, రాత్రివేళ, అడవిలో, కపటంతో చేసిన వ్యవహారాలను సామాన్యంగా నిషేధించాలని కౌటిల్యుడు. బాలురకు, మతి స్థిమితం లేనివారికి ఒప్పంద యోగ్యత లేదని, బలాత్కారం, అనుచిత ప్రభావం, మోసం ఉన్నచోట సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదని నేటి చట్టం. మైనరు చేసుకొన్న ఒప్పందం మొదటినుండే శూన్యమని 1903లో ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో నిర్ణయించింది.

ఈ చట్టం రూపుదిద్దుకోవడంలో తెలుగు కుటుంబాల తగవులకూ పాత్ర ఉన్నది. 1880ల తొలినాళ్ళలో మద్రాసు హైకోర్టుకు వచ్చిన చిన్నయ్య–రామయ్య కేసులో, ఒక వృద్ధురాలు తన కుమార్తెకు ఆస్తిని దానమిస్తూ, తన తోబుట్టువుల పక్షానికి ఏటా కొంత సొమ్ము చెల్లించాలని షరతు పెట్టింది. కుమార్తె అదే రోజున వారికి ఒప్పందపత్రం వ్రాసి ఇచ్చి, పిదప నిరాకరించింది. ప్రతిఫలం వారి నుండి రాలేదు కదా అన్నది ఆమె వాదం. ప్రతిఫలం వాగ్దానం పొందినవారి నుండే రానక్కరలేదు, తల్లి ఇచ్చిన ఆస్తి చాలునని కోర్టు తీర్పు చెప్పింది. 1917లో అదే కోర్టు చిక్కం అమ్మిరాజు కేసులో మరొక ముఖ్య నిర్ణయం చేసింది. ఆత్మహత్య చేసుకొంటానని భర్త బెదిరించి భార్య చేత, కుమారుని చేత పత్రం వ్రాయించుకోవడం బలాత్కారమేనని ఆ నిర్ణయం సారాంశం.

చట్టం మొదటి సెక్షను మరొక సౌలభ్యాన్నీ కల్పించింది. చట్టానికి విరుద్ధం కాని వర్తక వాడుకలను అది భంగపరచదు. ప్రాచ్యభాషలలో వ్రాసిన పత్రాలకు సంబంధించిన స్థానిక ఆచారాలను 1881 చట్టమూ మినహాయించింది. హుండీలు దీని నీడలోనే బ్రతికాయి. అనగా చట్టం వాడుకను తుడిచివేయలేదు. వాడుకలోని ఏ భాగం నిలిచిందో, ఏ భాగం జారిందో పరిశీలించవలసి ఉన్నది.

5. గుర్తు ఎందుకు పోలేదు?

ఒప్పందం సమ్మతి మీద నిలబడాలంటే, సమ్మతిని కాదన్నవానిని త్వరగా దారికి తెచ్చే న్యాయస్థానం ఉండాలి. ప్రపంచ బ్యాంకు 2020 నివేదిక భారతదేశంలో ఒక వాణిజ్య ఒప్పందాన్ని కోర్టు ద్వారా అమలు జరిపించుకోవడానికి 1,445 రోజులు పడుతుందని, దావా విలువలో సుమారు 31 శాతం ఖర్చవుతుందని అంచనా వేసింది. ఆ లెక్క ఢిల్లీ, ముంబయి నగరాలకు సంబంధించినది. కొన్ని ఇతర దేశాల గణాంకాలలో అవకతవకలు బయటపడటంతో ఆ నివేదికను 2021లో నిలిపివేశారు. కనుక అంకెను స్థూలంగానే గ్రహించాలి. అయినా దావా అంటే ఏళ్ళు అన్న అనుభవం ఎవరికీ కొత్త కాదు.

నాలుగేళ్ళ తరువాత వచ్చే తీర్పు చిన్న వర్తకునికి ఆ ఋతువులో విత్తనం కాదు, సరుకు కాదు. కాబట్టి అతడు తీర్పుకు బదులుగా చేతిలోని గుర్తును కోరుకొంటాడు: బయానా, ఖాళీ చెక్కు, పూచీ. న్యాయం ఆలస్యమయ్యే కొలదీ గుర్తు విలువ పెరుగుతుంది. గుర్తు విలువ పెరిగే కొలదీ దానిని చేతబట్టినవాని బలం పెరుగుతుంది. అభివృద్ధి చెందుతున్న ఆర్థిక వ్యవస్థలో ఒప్పందాల ఆచరణకు మూలసూత్రం ఇదే. అందువల్లనే ప్రతివిధి లోపించడం కేవలం శాస్త్రచర్చ కాక బలహీనుని బ్రతుకు సమస్య అవుతున్నది.

ఈ లోపాన్ని ప్రభుత్వాలు, న్యాయస్థానాలు గుర్తించకపోలేదు. 2015లో వాణిజ్య న్యాయస్థానాల చట్టం వచ్చింది. దాని కనీస విలువ పరిమితిని 2018లో కోటి రూపాయల నుండి మూడు లక్షలకు తగ్గించారు. చిన్న పరిశ్రమల బాకీలను 45 రోజులకు మించకుండా చెల్లించాలని, లేకుంటే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం విధించింది. బేరమాడే శక్తిలో సమానులు కానివారి మధ్య కుదిరిన అన్యాయపు షరతు ప్రజానీతికి విరుద్ధమని 1986లో సుప్రీంకోర్టు ప్రకటించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 'అన్యాయమైన కాంట్రాక్టు'ను నిర్వచించింది.

ఇంతకు పూర్వమే ఒక ప్రతివిధి తిరిగి వచ్చిన ఉదాహరణ మన ప్రాంతంలో ఉన్నది. ఒక్కసారిగా పుచ్చుకొనే వడ్డీ అసలును మించరాదన్న ద్వైగుణ్య నియమం మనుస్మృతిలో ఉన్నది. 'దామ్‌దుపట్' పేరుతో బొంబాయి ప్రాంతంలోనూ కలకత్తా నగరంలోనూ బ్రిటిషు కోర్టులు దానిని పాటించాయి; మద్రాసు రాష్ట్రంలో పాటించలేదు. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం, రైతు అసలుకు రెట్టింపు మొత్తం అప్పటికే చెల్లించి ఉంటే అప్పు తీరినట్లే అని విధించింది. నాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన ఆంధ్ర జిల్లాల రైతులకు ఆ నియమం ఈ విధంగా శాసనరూపంలో లభించింది.

6. విత్తనానికి పది దినాలు

చివరిగా క్రయవిక్రయానుశయం. కొన్న వస్తువును పరీక్షించుకొనే గడువును యాజ్ఞవల్క్యుడు వస్తువును బట్టి నిర్ణయించాడు: ఇనుముకు ఒక దినం, పాడి పశువుకు మూడు, బరువు మోసే పశువుకు అయిదు, రత్నాలకు ఏడు, విత్తనానికి పది. విత్తనం మొలకెత్తేదాకా కొన్నవానికి దాని గుణం తెలియదు. గడువు విధించడంలో వస్తుస్వభావం గుర్తింపు పొందింది. కొనేవాడే జాగ్రత్తపడాలన్నది 1930 నాటి వస్తువిక్రయ చట్టంలోని సామాన్య నియమం. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

ఈ ప్రశ్న తెలుగు రైతుల మూలంగానే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నాసిరకం విత్తనాల వల్ల నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదులపై జాతీయ విత్తన సంస్థ చేసిన అప్పీళ్ళను 2012లో కోర్టు త్రోసిపుచ్చింది. రైతు కూడా వినియోగదారుడేనని, ఒప్పందంలో మధ్యవర్తిత్వపు షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి వెళ్ళే హక్కు పోదని చెప్పింది. నమూనాను ప్రయోగశాలకు పంపలేదన్న వాదాన్ని కూడా అంగీకరించలేదు. కొన్న విత్తనమంతా పొలంలో చల్లిన రైతు పరీక్ష కోసం కొంత మిగుల్చుకొని ఉంటాడని ఆశించడం తగదన్నది కోర్టు ఆలోచన. వస్తుస్వభావాన్ని బట్టి న్యాయం అనే స్మృతిసూత్రం ఇక్కడ మరొక దారిన ప్రత్యక్షమైంది.

7. ఉపసంహారం

విజ్ఞానేశ్వరుని వ్యవహారభాగాన్ని పదమూడవ శతాబ్దిలోనే మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అదే శతాబ్దిలో, 1244–45లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి శాసనంలో, ఓడ పగిలిన వర్తకుల సరుకును పూర్వరాజుల వలె హరించక, నిర్ణీత శుల్కం మాత్రమే గ్రహిస్తానని అభయమిచ్చాడు. బలవంతుడు తన చేతికి తానే హద్దు గీసుకొన్న మాట అది. శాస్త్రంలో సత్యంకారం పుచ్చుకొన్నవానికి విధించిన హద్దు, శాసనంలో రాజు తనకు విధించుకొన్న హద్దు ఒకే న్యాయదృష్టికి చెందినవి.

ప్రాచ్య కళాశాలల్లో వ్యవహారాధ్యాయాన్ని ఎక్కువగా దాయభాగం కోసమే చదువుతున్నాము. ఋణాదానం, ప్రాతిభావ్యం, లేఖ్యం, క్రయవిక్రయానుశయం ప్రకరణాలను కేతన తెనిగింపుతోను, శాసనాలతోను, దస్తావేజుల భాషతోను కలిపి పరిశీలించవలసిన అవసరం ఉన్నది. ఆ పరిశీలన ప్రాచీనుల ఘనతను చాటడానికి కాదు. సంతకం చేసేవానికి ముందు విషయం పూర్తిగా కనిపించాలని, సొమ్ము పుచ్చుకొన్నవాడూ కట్టుబడి ఉండాలని, అప్పు తీరిననాడు పత్రం చినగాలని నేటి సమాజానికి తన భాషలో చెప్పగలగడానికి. చట్టం ఇంగ్లీషులో ఉన్నది, బేరం తెలుగులో జరుగుతున్నది. ఈ రెంటికీ నడుమ నిలిచి అర్థం చెప్పవలసిన బాధ్యత రెండు శాస్త్రభాషలూ తెలిసిన పండితులది.